దాచుకున్న ఆకలి: బులీమియా చికిత్స, కోలుకునే దారి

మా మదరసా బాలికల విభాగంలో కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థిని ఉండేది. భోజనం ముగిసిన ప్రతిసారీ లేచి వెళ్ళి కొత్తగా వుజూ చేసుకుని వచ్చేది. తోటి పిల్లలు ఇంకా దస్తర్‌ఖాన్ దగ్గర కబుర్లలో ఉండగానే ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఖుర్ఆన్ ముందు కూర్చునేది. బాలికల బాగోగులు చూసే మా ఇల్లాలు ఈ సంగతి ఎంతో సంతోషంగా మాకు చెప్పారు. మేము ఒక శుక్రవారం తర్బియతీ సమావేశంలో, పేరు ఎత్తకుండానే, ఆ పిల్ల శ్రద్ధను మిగతావారికి ఆదర్శంగా చూపించాము.

అసలు విషయం తర్వాత తెలిసింది. ఆమె తిన్నదంతా ఎవరికీ తెలియకుండా వాంతి చేసుకునేది. నోటినిండా వాంతి అయితే వుజూ భంగమవుతుందని హనఫీ ఫిఖ్హ్ చెబుతుంది. ఆ మసలా ఆమెకు నేర్పింది మేమే. అందుకే ఆమె ప్రతిసారీ మళ్ళీ వుజూ చేసుకునేది.

ఆ బిడ్డను గుర్తు పట్టగల వివరాలేవీ ఇక్కడ ఇవ్వడం లేదు. "రాయండి హజ్రత్, ఇంకొక ఇంట్లో ఎవరికైనా పనికొస్తుంది" అని ఆమె, ఆమె తల్లి ఇద్దరూ అన్నందువల్లనే రాస్తున్నాము. ఇందులో మా పొరపాటు కూడా ఉన్నది. దానిని దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసానికి అర్థం ఉండదు.

అదే రోజుల్లో వంటగది సామాను గదిలో వస్తువులు తగ్గడం మొదలైంది. ఒకనాడు ఖర్జూరాలు, మరొకనాడు బ్రెడ్డు, ఇంకొకనాడు దావత్ నుంచి మిగిలిన జర్దా. చివరకు ఒక రాత్రి ఆ అమ్మాయే పట్టుబడింది. మరునాడు మా ఇల్లాలి సమక్షంలో, పరదా ఇవతల నుంచి, మేము ఆమెకు చాలాసేపు నసీహత్ చేశాము. తిండి మీద ఆశ నఫ్స్ బలహీనత అనీ, దానికి ఉపవాసమే మందు అనీ చెప్పాము. ప్రతి సోమ, గురువారాలు నఫిల్ ఉపవాసం పాటించమన్నాము. "సరే ఉస్తాద్‌జీ" అన్నది. పాటించింది కూడా. ఎంత నిష్ఠగా పాటించిందంటే మూడు నెలలు గడవకముందే ఒక గురువారం మధ్యాహ్నం తరగతిలోనే స్పృహ తప్పి పడిపోయింది.

ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే పొటాషియం బాగా పడిపోయి ఉన్నది. ఒక వైద్యురాలు ఆమె పళ్ళ లోపలివైపు చూసి, కుడిచేతి వేళ్ళ కణుపుల మీది మచ్చలు చూసి, మమ్మల్ని బయట కూర్చోమని చెప్పి, తలుపు వేసుకుని అరగంట మాట్లాడారు. బయటికి వచ్చి అన్న మొదటి మాట ఇది: "దయచేసి ఈ అమ్మాయి చేత ఉపవాసాలు ఉంచకండి." మేము మందు అనుకుని ఇచ్చినది ఆ జబ్బుకు మేత అయింది.

జబ్బు పేరు బులీమియా నెర్వోసా.

ఇది తిండిపోతుతనం కాదు

బులీమియా అన్న మాట గ్రీకు భాషలో ఎద్దును, ఆకలిని తెలిపే రెండు పదాల నుంచి పుట్టింది. జబ్బు పాతదే కావచ్చుగాని దానికి ఒక ప్రత్యేక వ్యాధిగా పేరు పెట్టి యాభై ఏళ్ళు కూడా కాలేదు. లండన్‌లోని రాయల్ ఫ్రీ హాస్పిటల్‌లో పనిచేసిన మానసిక వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 1979లో ముప్పై మంది రోగుల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. అదుపులేకుండా తినాలనే ఆపుకోలేని కోరిక, తిన్నదానిని వాంతి ద్వారానో విరేచనాల ద్వారానో పోగొట్టుకోవడం, లావైపోతామేమోనన్న తీవ్రమైన భయం: ఈ మూడూ కలిసి ఉండడాన్ని ఆయన గుర్తించి, బులీమియా నెర్వోసా అని పేరు పెట్టారు. వేళ్ళ కణుపుల మీది ఆ మచ్చలను వైద్యులు నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ మచ్చలు అందరికీ ఉండవు. లేనంత మాత్రాన జబ్బు లేదనుకోరాదు.

ఇప్పుడు వైద్యులు వాడే కొలమానం ప్రకారం, అదుపు తప్పి తినడం, తర్వాత దానిని పోగొట్టుకునే ప్రయత్నం చేయడం వారానికి ఒక్కసారి చొప్పున మూడు నెలలు సాగితే చాలు, అది చికిత్స అవసరమైన వ్యాధే. ఆ పోగొట్టుకునే ప్రయత్నం వాంతే కానక్కరలేదు. విరేచన మాత్రలు కావచ్చు, మితిమీరిన వ్యాయామం కావచ్చు, రోజుల తరబడి పస్తులుండడమూ కావచ్చు.

తల్లిదండ్రులను మోసపుచ్చే సంగతి ఒకటున్నది. ఆహారం బాగా తగ్గించేసే అనరెక్సియా రోగి ఎండిపోయి కనబడతాడు. చూసినవారెవరికైనా ఏదో జరుగుతోందని తెలుస్తుంది. బులీమియా రోగి చాలాసార్లు మామూలు బరువుతోనే ఉంటాడు. నలుగురిలో కూర్చుని చక్కగా తింటాడు, నవ్వుతాడు, చదువులో ముందుంటాడు. అమ్మాయిలలో ఎక్కువ. అయితే అబ్బాయిలలో లేదనుకోవడం పొరపాటు. జిమ్ముకు వెళ్ళే కుర్రవాళ్ళ మధ్య దీనిని గుర్తించడం మరీ కష్టం.

మన ఇళ్ళలో ఇటువంటిది బయటపడగానే వినవచ్చే మాటలు మాకు తెలుసు. "నజర్ తగిలింది", "ఎవరో చేయించారు", "కడుపునిండా తిండి దొరికి కొవ్వెక్కింది." ఆ అమ్మాయి నానీ కూడా ఒక ఆమిల్ దగ్గరకు తీసుకువెళ్ళారు. ఆయన ఇచ్చిన నీళ్ళు తాగింది, తావీజు కట్టుకున్నది, వాంతులు అలాగే సాగాయి. దుఆను మేము తక్కువ చేయడం లేదు. రోగానికి మందును కూడా సృష్టించిన ప్రభువును వేడుకుంటూనే ఆ మందును వెతకడం దైవప్రవక్త (స) చూపిన మార్గం. వెతకడం మానేసి కూర్చోవడం ఆ మార్గం కాదని మాత్రం చెప్పదలచాము.

చక్రం ఎలా తిరుగుతుంది

మేము చేసిన పొరపాటు ఎక్కడుందో ఆ తర్వాత చికిత్స చేసిన మానసిక నిపుణురాలు కాగితం మీద ఒక వృత్తం గీసి చూపించారు.

మొదట ఒక మాట. "ఈ పిల్ల కాస్త ఒళ్ళు చేసింది" అన్నది ఎవరో ఒక బంధువు నోటి నుంచి వచ్చి ఉంటుంది. పిల్ల తిండి తగ్గిస్తుంది. అన్నం మానేస్తుంది, తీపి మానేస్తుంది, ఒక పూట మానేస్తుంది. శరీరం దానిని కరువుగా భావిస్తుంది. ఆకలిని రెట్టిస్తుంది, ఆలోచన అంతటినీ తిండి చుట్టూనే తిప్పుతుంది. ఏదో ఒక సాయంత్రం, మనసు బాగాలేని క్షణంలో, కట్టు తెగుతుంది. చేతికందినది అందినట్టు, రుచి కూడా తెలియకుండా తింటుంది. వెంటనే భయం, సిగ్గు. వాంతి. క్షణకాలం ఉపశమనం. ఆ తర్వాత మరింత సిగ్గు, "రేపటి నుంచి ఇంకా తక్కువ తింటాను" అనే శపథం. ఆ శపథంతో వృత్తం మళ్ళీ మొదటికి వస్తుంది.

"అదుపు తప్పి తినడం దగ్గర అందరూ ఆపాలని చూస్తారు. చక్రాన్ని తిప్పుతున్నది అది కాదు, పస్తు" అన్నారామె.

ఇది వినగానే మేము తల వంచుకున్నాము. సంకల్పబలం తక్కువైనందున ఆ పిల్ల తింటున్నదని మేము అనుకున్నాము. నిజానికి ఆమె సంకల్పబలం మాలో చాలామందికి లేనంతటిది. అది మొత్తం తప్పుడు దిశలో, తిండి మానడం మీద, ఖర్చవుతున్నది. సోమ, గురువారాల ఉపవాసంతో మేము ఆ పస్తుకు ధార్మికమైన ఆమోదముద్ర కూడా వేశాము.

తినడంతో మొదలయ్యే చికిత్స

రస్సెల్ వ్యాసం వచ్చిన రెండేళ్ళకే, 1981లో, ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న మానసిక వైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ ఈ జబ్బుకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనను, అలవాటును కలిపి మార్చే చికిత్సను రూపొందించి దాని ఫలితాలు ప్రకటించారు. తర్వాతి దశాబ్దాలలో అనేక దేశాలలో పరీక్షించి చూసిన మీదట, పెద్దవారిలో బులీమియాకు అత్యధిక ఆధారాలున్న చికిత్సగా నేడు నిలిచినది ఇదే. సాధారణంగా ఇరవై వారాలు, ఇరవై సమావేశాలు. మొదటి నాలుగు వారాలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకసారి, చివరలో రెండు వారాలకొకసారి. మంచంలో పడుకోబెట్టేది లేదు, కరెంటు పెట్టేది లేదు, బాల్యమంతా తవ్వేదీ లేదు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడడం, ఇంటికి వచ్చి చేయవలసిన పనులు చేయడం, అంతే. అయినా అది తేలిక కాదు.

మొదటి పని నోటుబుక్కు. ఎప్పుడు తిన్నాము, ఏమి తిన్నాము, ఎక్కడ, ఎవరి ఎదుట, అదుపు తప్పిందనిపించిందా, వాంతి చేసుకున్నామా, ఆ వేళ మనసులో ఏమున్నది. ఇవన్నీ తిన్న వెంటనే రాయాలి. రాత్రికి గుర్తు చేసుకుని రాస్తే ప్రయోజనం తక్కువ. ఆ అమ్మాయికి ఇది ఎంతో భయంకరంగా తోచింది. "ఇది నా ఆమాల్‌నామా లాగా ఉంది" అన్నదట. నిపుణురాలు ముస్లిం కాదు. ఆ మాటకు అర్థం అడిగి తెలుసుకుని, "ఇది తీర్పు చెప్పే పుస్తకం కాదమ్మా, దారి తప్పినచోటు ఎక్కడో చూసుకునే పటం" అన్నారట. ఆ జవాబు మాకు ఎంతగానో నచ్చింది. రెండు వారాల్లోనే ఆ పటంలో ఒక సంగతి స్పష్టంగా కనబడింది. అదుపు తప్పిన సందర్భాలు దాదాపు అన్నీ మగ్రిబ్, ఇషాల మధ్యనే ఉన్నాయి.

రెండవ పని, అసలు పని, వేళకు తినడం. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు లేదా మూడుసార్లు చిరుతిండి. ఏ రెండింటి మధ్యా సుమారు నాలుగు గంటలకు మించి ఎడం ఉండరాదు. ఆకలి వేసినా వేయకపోయినా తినాలి. ఒకవేళ అదుపు తప్పి తిన్నా, వాంతి అయినా, తర్వాతి పూట మానరాదు. ఈ చివరి నియమమే రోగికి అన్నిటికంటే కష్టం. కుటుంబానికి అర్థం కానిదీ అదే. "అంత తిన్నది కదా, ఈ పూట మానితే ఏమి?" అంటారు. మానితే చక్రం మళ్ళీ తిరుగుతుంది.

ఇక్కడ నిపుణురాలు మా మదరసా భోజన వేళలు అడిగారు. ఎనిమిదింటికి నాష్తా. జుహర్ తర్వాత ఒకటిన్నరకు భోజనం. ఆపైన ఇషా తర్వాత తొమ్మిదింటికి భోజనం. ఏడున్నర గంటల ఎడం! ఇరవై ఏళ్ళుగా నడుస్తున్న వ్యవస్థ, ఎవరికీ తప్పుగా తోచలేదు. అస్ర్ తర్వాత ఏదైనా పెట్టగలరా అని ఆమె అడిగారు. ఒక్క పిల్లకు పెడితే అందరి కళ్ళూ ఆమె మీదే పడతాయని మా ఇల్లాలు అన్నారు. కాబట్టి అందరికీ పెట్టాలని నిర్ణయించాము. ఒకనాడు ఉడికించిన శనగలు, ఒకనాడు అరటిపండు, ఒకనాడు పల్లీలు. నిద్రకు ముందు ఒక గ్లాసు పాలు. ఖర్చు గురించి కమిటీలో ఒకరిద్దరు గొణిగారు. అసలు కారణం వారికి చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు.

ఆరవ వారానికి వాంతులు రోజూ అన్నది పోయి వారానికి రెండు మూడుకు వచ్చాయి. ఉపదేశం వల్ల కాదు, శనగల వల్ల! ఇలా అంటే అతిశయోక్తి అనిపించవచ్చు గాని, చక్రంలోని పస్తును తీసివేస్తే మిగతాది సగం దానంతటదే నెమ్మదిస్తుందని చికిత్సకులంతా చెప్పే మాటే ఇది.

కోరిక ముంచుకొచ్చే వేళకు కూడా ఒక ఏర్పాటు ఉంటుంది. అది అలలా లేచి, కాసేపు నిలిచి, దిగిపోతుందని రోగి స్వయంగా చూసి తెలుసుకోవాలి. ఆ కాసేపటిలో చేయదగిన పనుల జాబితా ముందే రాసుకుని ఉంచుకోవాలి. ఆ అమ్మాయి జాబితాలో అమ్మీకి ఫోను చేయడం, చిన్న పిల్లలకు నూరానీ ఖాయిదా చెప్పడం, కసీదా కుట్టడం ఉన్నాయి. వాంతి చేసుకున్నా తిన్నదంతా బయటికి రాదనీ, విరేచన మాత్రలు పోగొట్టేది ఎక్కువగా ఒంట్లోని నీటినేననీ తెలియజెప్పడం కూడా చికిత్సలో భాగమే. ఏ ప్రయోజనం కోసం ఇంత హింస పడుతున్నారో ఆ ప్రయోజనమే సరిగా నెరవేరదని తెలిసినప్పుడు పట్టు కొంత సడలుతుంది.

మూడవ భాగం ఆలోచనకు సంబంధించినది. తన విలువను దేనితో కొలుస్తున్నదో ఒక వృత్తంలో భాగాలుగా గీసి చూపమంటారు. ఆ పిల్ల గీసిన వృత్తంలో ముప్పాతిక వంతు "లావు" అన్న ఒక్క మాటే ఆక్రమించుకున్నది. తజ్వీద్‌లో ఆమెకు మా మదరసాలోనే సాటి లేదు. దానికి సన్నని చీలిక మాత్రం మిగిలింది. ఆ పెద్ద ముక్కతో నేరుగా వాదించడం కన్నా మిగతా ముక్కలను పెంచడం మేలట. రోజుకు పదిసార్లు అద్దం చూసుకోవడం, గాజు బిగుతయిందా అని మణికట్టు కొలుచుకోవడం వంటి అలవాట్లను లెక్కపెట్టి తగ్గిస్తారు. బరువు వారానికి ఒక్కసారి, చికిత్సకుల దగ్గర మాత్రమే చూస్తారు. "హరామ్" అని తనంతట తాను ముద్ర వేసుకున్న పదార్థాలను, అల్లాహ్ హలాల్ చేసినవాటిని, ఒకదాని తర్వాత ఒకటి మళ్ళీ పళ్ళెంలోకి తెస్తారు. ఒక ఆదివారం ఆమె తల్లి ఎదుట కూర్చుని బిర్యానీ తిని, ఆ తర్వాత గంటసేపు తల్లి చేయి పట్టుకుని కూర్చున్నది. ఆ బిర్యానీ కడుపులోనే ఉన్నది.

ఇవన్నీ పాశ్చాత్యుల పద్ధతులని ముఖం చిట్లించే సోదరులు ఉండవచ్చు. హిజ్రీ 322లో, అంటే క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ "మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్" అనే గ్రంథం రాశారు. అందులో ఒక భాగం శరీర ఆరోగ్యానికి, రెండవ భాగం మనసు ఆరోగ్యానికి కేటాయించారు. ఇంట్లో అత్యవసర మందులు సిద్ధంగా ఉంచుకున్నట్టే, మనసు నెమ్మదిగా ఉన్న వేళలో మేలైన ఆలోచనలను కూర్చుకుని కలతవేళకు అందుబాటులో ఉంచుకోవాలని ఆయన సూచించారు. మన సెమినరీలలో ఆయన పేరు వినబడడం అరుదు. మేమూ యాభై దాటిన తర్వాతే ఆయన గురించి చదివాము.

ఎంతమంది కోలుకుంటారు?

ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. అందరూ అదే వేగంతో కోలుకోరు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో 70 మంది రోగులతో జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఈ పద్ధతిలో చికిత్స పొందినవారిలో అయిదు నెలలకు 42 శాతం మంది అదుపు తప్పి తినడం, వాంతి చేసుకోవడం పూర్తిగా మానగలిగారు. రెండేళ్ళపాటు వారం వారం సాగిన మనోవిశ్లేషణ చికిత్స పొందినవారిలో అదే అయిదు నెలలకు మానినవారు 6 శాతం, రెండేళ్ళు ముగిసేసరికి 15 శాతం. పూర్తిగా మానలేకపోయిన మిగతావారిలోనూ చాలామందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో రోగులను ఇరవై రెండేళ్ళపాటు గమనించి 2017లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, బులీమియా రోగులలో మూడింట రెండు వంతులకు పైగా చివరికి కోలుకున్నారు. కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఏళ్ళు.

ఇతర మార్గాలూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళ లోపువారికి కుటుంబాన్ని కలుపుకుని చేసే చికిత్సను బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు (2017) ముందుగా సూచిస్తున్నాయి. ఆరు నెలల్లో 18 నుంచి 20 సమావేశాలు. అందులో తల్లిదండ్రులు దోషులు కారు, సహాయకులు. మనుషుల మధ్య సంబంధాల చిక్కులను విప్పే ఇంటర్ పర్సనల్ థెరపీ కాస్త నెమ్మదిగానైనా మేలు చేస్తుంది. మందుల విషయానికి వస్తే ఫ్లూక్సెటిన్ అనే మాత్రకు బులీమియాలో ఆధారాలున్నాయి. మామూలు దిగులుకు వాడే మోతాదు కంటే ఇక్కడ ఎక్కువ, సాధారణంగా రోజుకు 60 మిల్లీగ్రాములు అవసరమవుతుంది. చీటీ మీద ఆ అంకె చూసి బెదిరి సగం మాత్రలు మాన్పించిన తండ్రులున్నారు కనుక ఈ సంగతి రాయవలసి వచ్చింది. అయితే అది వైద్యుడు నిర్ణయించవలసినది. ఒక్క మందునే నమ్ముకుని మాటల చికిత్సను వదిలేయడం కూడా సరి కాదు.

శరీరానికి జరిగిన నష్టాన్ని విడిగా చూసుకోవాలి. మాటిమాటికీ వాంతులయితే పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. గుండె దడ, కాళ్ళు చేతుల్లో సత్తువ లేకపోవడం, కళ్ళు తిరిగి పడిపోవడం, వాంతిలో రక్తం కనబడితే అది ఆలోచిస్తూ కూర్చునే సమయం కాదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కడుపులోని ఆమ్లం పళ్ళ పింగాణీని తినేస్తుంది. వాంతి అయిన వెంటనే బ్రష్షు పట్టకుండా నీటితో పుక్కిలించడం మంచిదని దంత వైద్యులు చెబుతారు. దవడల కింద గ్రంథులు ఉబ్బి ముఖం నిండుగా కనబడుతుంది. ఆ పిల్ల దానిని చూసి "ఇంకా లావైపోయాను" అని ఏడ్చేదట.

రమజాన్ వచ్చినప్పుడు

మమ్మల్ని అందరికంటే ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే. ఫత్వా ఇవ్వడం మా స్థాయి కాదు. మీ ముఫ్తీ గారిని, మీ వైద్యుని వేర్వేరుగా కాదు, వీలయితే కలిపి సంప్రదించండి. అయినా మూల సూత్రం ప్రతి పాఠకునికి తెలిసినదే. రోగికి ఉపవాసాన్ని మరొక కాలానికి వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని సూరా బఖరా (2:184, 185) స్వయంగా ఇచ్చింది. తెల్లవారుజాము నుంచి సూర్యాస్తమయం వరకు పస్తు, ఆ వెంటనే నిండైన ఇఫ్తార్ దస్తర్‌ఖాన్. బులీమియా చక్రం తిరగడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు. చికిత్స మధ్యలో ఉన్న రోగి కొన్ని నెలల శ్రమ ఒక్క నెలలో చెదిరిపోవచ్చు. ఇది నయమయ్యే జబ్బు కనుక నయమైన తర్వాత కజా చేసుకునే మాటే వస్తుంది. ముసలితనంలోనో, కోలుకునే ఆశ లేని జబ్బులోనో చెల్లించే ఫిద్యాతో దీనిని కలపరాదు.

ఇక మసలా పుస్తకంలో ఉన్నదే: కావాలని నోటినిండా వాంతి చేసుకుంటే ఉపవాసం భంగమవుతుంది, దానంతటదే వస్తే కాదు. బులీమియా రోగి చేసుకునే వాంతి ఏ కోవకు వస్తుందని ఒక విద్యార్థిని మా ఇల్లాలిని అడిగింది. తిరిగి ఉపవాసం పాటించాలన్నది ఒక సంగతి, ఆ బిడ్డ పాపి అన్నది మరొక సంగతి. రెండవ మాట అనడానికి మేము సిద్ధంగా లేము.

సౌలభ్యం ఉన్నంతమాత్రాన రోగి దానిని సులభంగా తీసుకోదు. "ఇంట్లో అందరూ రోజా ఉంటే నేనొక్కదాన్నే తింటానా" అని ఏడుస్తుంది. ఆ మధ్యాహ్నం పూట ఆమెతో ఎవరు కూర్చుంటారన్నది ముందే నిర్ణయించుకోండి. సహరీకి లేవనివ్వండి, తరావీహ్‌కు రానివ్వండి, ఇఫ్తార్ వేళ వడ్డన ఆమె చేతికివ్వండి. చుట్టాలెవరైనా "నీకేమైంది, రోజా లేదా" అని అడిగితే జవాబు చెప్పవలసినది తల్లి. బిడ్డ కాదు.

ఇంట్లో మాట

ఆ అమ్మాయి నోటుబుక్కులో ఒకచోట పద్నాలుగేళ్ళ వయసునాటి మాట రాసి ఉన్నదట. అక్క రిష్తా చూడడానికి వచ్చిన ఆడవాళ్ళు అక్కను చూసి, తర్వాత ఈమె వైపు తిరిగి, "చిన్నదాన్ని ఇప్పటి నుంచే అదుపులో పెట్టండి, తర్వాత ఎవరూ చేసుకోరు" అని నవ్వారట. వారు షర్బత్ తాగి వెళ్ళిపోయారు. ఆ మాట ఇక్కడే ఉండిపోయింది.

హజ్రత్ సఫియా (ర) పొట్టిదనాన్ని సూచించిన చిన్న మాటనే దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా పరిగణించారో మన సమావేశాలలో గీబత్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా చెబుతూనే ఉంటాము. కాని రిష్తా చూపుల్లో ఆ పాఠం ఎవరికీ గుర్తుండదు. ఫోటో పంపేముందు తూకం అడిగే కుటుంబాలను మేము చూశాము. వారిలో కొందరు మా దర్సుకు వచ్చేవారే.

రోగి ఇంట్లో ఉన్నప్పుడు స్నానాలగది తలుపు దగ్గర కాపలా కాయకండి, సంచీలు వెతకకండి. దొంగతనంగా చూస్తే ఆమె దాచే నేర్పు పెరుగుతుంది గాని జబ్బు తగ్గదు. ఆమెతో ముందే మాట్లాడుకుని, భోజనం తర్వాత గంటసేపు కలిసి కూర్చోవడం మేలు. "సన్నబడ్డావు", "బాగా ఒళ్ళు వచ్చింది, మాషాఅల్లాహ్" అనే రెండూ వద్దు. మెచ్చుకోలుగా అన్నా ఆమెకు వినబడేది శరీరం గురించిన తీర్పే. మళ్ళీ వాంతి మొదలయిందని తెలిస్తే "ఇంత చేసినా బుద్ధి రాలేదు" అనకుండా, "ఏ పూట మానావు బేటీ?" అని అడగండి. సాధారణంగా జవాబు అక్కడే దొరుకుతుంది.

బ్రిటన్ యువరాణి డయానా 1995 నవంబరులో బి.బి.సి. ముందు కూర్చుని ఏళ్ళ తరబడి తనకు ఈ జబ్బు ఉండేదని చెప్పారు. రాజమహలులో అంతమంది మధ్య ఆమె దాచగలిగినప్పుడు, మన ఇంటి వెనుక గదిలో ఒక పిల్ల దాచడంలో వింత లేదు.

ఎక్కడికి వెళ్ళాలో తెలియని కుటుంబాలు మొదట 14416కు ఫోను చేయవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఇది. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులోని నిమ్‌హాన్స్ ప్రభుత్వ సంస్థలు. పెద్ద ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. "పిచ్చాసుపత్రికి వెళ్ళారని తెలిస్తే పెళ్ళి కాదు" అనే భయం మాకు తెలియనిది కాదు. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఇచ్చింది. వెళ్ళాక మొట్టమొదట అడగవలసినది: ఆహార సంబంధ జబ్బులకు సి.బి.టి. చేసే అనుభవం మీ దగ్గర ఎవరికున్నది?

ఆ అమ్మాయి చికిత్స ఇరవై వారాలకు ముగియలేదు, దాదాపు ఏడాది పట్టింది. మధ్యలో వార్షిక పరీక్షల వేళ ఒకసారి, అక్క నికాహ్ వేళ ఒకసారి జబ్బు తిరగబెట్టింది. రెండుసార్లూ ఆమే ముందుగా మా ఇల్లాలికి చెప్పింది. ఆ ఏటి రమజాన్‌లో ఆమె ఉపవాసాలు పాటించలేదు. రోజూ జుహర్ తర్వాత మా ఇంటి వంటగదిలో తలుపు దగ్గరగా వేసి, మా ఇల్లాలు ఎదురుగా కూర్చుని, ఆమె చేత అన్నం తినిపించారు. మా ఇల్లాలు ఉపవాసంతోనే ఉన్నారు. కజా ఉపవాసాలు వైద్యురాలి అనుమతి తర్వాత, రెండేళ్ళకు, చలికాలంలో చిన్న పగళ్ళు చూసుకుని మొదలుపెట్టింది.

మేము ఆమెను క్షమించమని అడిగాము. "మీరు తెలియక చెప్పారు ఉస్తాద్‌జీ" అన్నది పరదా అవతల నుంచి. ఆ తర్వాత కాసేపు ఇరువైపులా మాట లేదు.

ఇప్పుడు ఆమె తన ఊళ్ళో చిన్న పిల్లలకు ఖుర్ఆన్ చెబుతున్నది. మా మదరసాలో అస్ర్ నమాజు కాగానే వంటగది నుంచి శనగల గిన్నె ఇంకా బయలుదేరుతూనే ఉన్నది. కొత్తగా చేరిన పిల్లలు అది మొదటి నుంచీ ఉన్న ఏర్పాటే అనుకుంటున్నారు.